మీకు తెలుసా? మూడంతస్తుల నీటికి ఓర్చే జాకెట్

రెయిన్ జాకెట్ లేబుల్ మీద 10,000 మి.మీ. అని ఉంటే, ఆ గుడ్డ 10 మీటర్ల ఎత్తు నీటి ఒత్తిడిని తట్టుకుందని అర్థం. దాదాపు మూడంతస్తుల మేడంత ఎత్తు! పరీక్షలో గుడ్డముక్కను బిగించి, ఒకవైపు నుంచి నీటి ఒత్తిడి పెంచుతూ పోతారు. రెండోవైపు మూడుచోట్ల చుక్కలు కనబడగానే అంకె రాసుకుంటారు.

అయితే పరీక్ష గుడ్డకే, కుట్టుకు కాదు. సూది దిగిన ప్రతిచోటా చిల్లే. అందుకే మంచి జాకెట్లలో కుట్ల మీద లోపలివైపు వేడితో టేపు అతికిస్తారు.

సైకిల్ తొక్కేవారికి వానకన్నా చెమటే పెద్ద తలనొప్పి. లేబుల్ మీద గ్రాముల్లో ఉండే రెండో అంకె, చదరపు మీటరు గుడ్డ 24 గంటల్లో ఎంత ఆవిరిని బయటికి వదులుతుందో చెబుతుంది. కానీ బయటి గాలిలో తేమ తక్కువుంటేనే ఆవిరి జోరుగా పోతుంది. జులైలో విశాఖ ఉక్కపోతకు ఎంత ఖరీదైన జాకెట్ అయినా చేతులెత్తేయాల్సిందే. అక్కడ చంకల కింద జిప్పులున్నదే నయం. మడ్‌గార్డ్ లేని సైకిలైతే వెనకభాగం నడుము దిగి ఉండాలి. కొనేముందు జాకెట్ తిరగేసి, కుట్ల మీద టేపు ఉందో లేదో చూసుకోండి.