పాడుపడిన పెరటిని బాగుచేయుట

విశాఖపట్టణమునకు నైరుతి దిక్కున, జాతీయ రహదారి ప్రక్కను కూర్మన్నపాలెము కలదు. ఉక్కు కర్మాగారమునకు పోవు ద్వారము ఇచ్చటనే యున్నది. 1971వ సంవత్సరమున ఆ కర్మాగారమునకు శంకుస్థాపన జరిగిన పిమ్మట ఈ పల్లె క్రమముగా పట్టణములో కలిసిపోయినది. పెక్కంతస్తుల మేడలు లేచినను, చిన్న పెరడు గల పాత యిండ్లు అక్కడక్కడ మిగిలియున్నవి. అట్టి పెరడు రెండు వర్షకాలములు మనుష్యుని చేయి సోకక పడియున్నచో తుంగయు, గరికయు, వయ్యారిభామయు అల్లుకొని, పాములకు నెలవగును. అటుపిమ్మట పిల్లలు అందు అడుగుపెట్టుటకే వెఱతురు.

దీనిని చూడగానే పెక్కుమందికి తోచు ఉపాయము, యంత్రమును పిలిపించి ఒక్కపూటలో గీకించివేయుట. ఇది వ్యయముతో కూడిన తొందరపాటు. యంత్రము కలుపుతోపాటు సారవంతమైన పైమట్టినిగూడ ఎత్తుకొనిపోవును. లోతుననున్న తుంగగడ్డలు మాత్రము మిగిలి తొలివానకే మొలకెత్తును. పోయిన మట్టికి బదులు మరల లారీమట్టి కొనవలసివచ్చును.

కావున మొదటి పని కాగితముమీద జరుగవలెను. ఒక వారము దినములు పెరటిని ఊరక చూడుడు. ఉదయపుటెండ ఎచ్చట పడుచున్నది? స్నానపు నీరు ఎటు పారుచున్నది? వాననీరు ఎచ్చట నిలుచును? వీనినన్నిటిని పటముగా గీయవలెను. పొదల నడుమ ఎప్పుడో నాటిన కరివేప, మల్లె, నిమ్మ బ్రదికియుండవచ్చును. వానికి గుడ్డపీలికలు కట్టి గుర్తుంచనిచో అవియు కొడవలి పాలగును. ఉన్న చెట్టును కాపాడుకొనుటకంటె చౌకయైన తోటపని లేదు.

పిదప పెరటిని నాలుగు పాళ్లుగా విభజించి, వంటయింటికి దగ్గరగానున్న పాలును మాత్రమే ఈ యేడు చేపట్టవలెను. తక్కిన మూటియందు కలుపు పూతకు రాకముందే కోయుచుండినచో చాలును. కొడవలి పట్టుటకు ముందు పొడవైన కర్రతో పొదలను తట్టవలెను. కాళ్లకు బూట్లు తప్పక ఉండవలెను.

కలుపులన్నియు ఒక్కతీరువి కావు. తుంగ ఆకును ఎంత పీకినను లాభము లేదు. నేలలో దాని గడ్డలు గొలుసువలె ఒకదానికొకటి కలిసియుండును. మే నెలలో పలుగుతో లోతుగా త్రవ్వి, గడ్డలను పైకితీసి ఎండలో మాడ్చవలెను. వయ్యారిభామ అమెరికా ఖండమునుండి వచ్చిన మొక్క. మన దేశమున 1955 ప్రాంతమున పూనాలో దీనిని గుర్తించిరి. ఒక్క మొక్క వేలకొలది గింజలను రాల్చును. కొందరికి దీనిని తాకినంతనే చర్మముపై దద్దురులు లేచును, పుప్పొడివలన ఆయాసము వచ్చును. నేల తడిగానున్నప్పుడు, పూయకముందే, చేతులకు తొడుగులు వేసికొని, ముక్కునకు గుడ్డ కట్టుకొని పెద్దలే దీనిని వేళ్లతో పెరుకవలెను. పిల్లలు దీని జోలికి పోరాదు.

పూయని కలుపును, రాలిన ఆకులను పారవేయనక్కరలేదు. ఎండుటాకు, పచ్చి కలుపు, గెత్తము పొరలుపొరలుగా పేర్చి, తడిపి, నడుమనడుమ తిరుగవేసినచో సుమారు మూడు నెలలకు మంచి ఎరువగును. ఆల్బర్టు హోవర్డు అను ఆంగ్లేయుడు ఇందూరు నగరమున ఈ విధానమును పరీక్షించి 1931లో గ్రంథస్థము చేసెను. మన రైతులకు వ్యవసాయము నేర్పవచ్చి, వారియొద్ద తానే నేర్చుకొంటినని చెప్పుకొనిన పెద్దమనిషి ఆయన.

ఇక ఖర్చు. పార, పలుగు ఎరవు తెచ్చుకొనవచ్చును. మునగకొమ్మ, దొండతీగ, అరటిపిలక, కరివేపపిలక అడిగినచో లేదను ఇరుగుపొరుగువారు అరుదు. మిగిలిన సొమ్ముతో కడియము నర్సరీలనుండి వచ్చు మంచి జామ అంటు నొకదానిని కొనుట ఉచితము. పది అలంకారపు కుండీలకంటె అదియే మేలని నా యభిప్రాయము.

నాటుచోటు నెన్నుటలో తుపానును మరువరాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖయొద్ద తీరము దాటి అసంఖ్యాక వృక్షములను కూల్చెను. మునగ, బొప్పాయి పెళుసు జాతులు. వానిని ఇంటికప్పునకును, విద్యుత్తు తీగలకును దూరముగా నాటి, సెప్టెంబరులోనే మునగకొమ్మలను తగ్గించవలెను.

జూన్ నెలలో తొలివానలు పడగానే, సిద్ధమైన పాలులో తోటకూర, బెండ, బీర విత్తవలెను. తోటకూర నెలదినములకు కోతకు వచ్చును. బీరకు రెండు నెలలు పట్టును. మిగిలిన మూడు పాళ్లకు మరుసటి వేసవి వరకు కొడవలి తప్ప మరేమియు అక్కరలేదు.