పించ్ రన్నర్

సాఫ్ట్‌బాల్‌లో గాయం వల్లో, మరో కారణంతోనో తప్పుకునే రన్నర్ స్థానంలో బేస్‌పైకి వచ్చే సబ్‌స్టిట్యూట్‌ను పించ్ రన్నర్ అంటారు. క్రికెట్‌లో రన్నర్‌ను అనుమతించే మ్యాచ్‌లలో గాయపడిన బ్యాటర్ బ్యాటింగ్ కొనసాగిస్తారు; ఇక్కడ గాయపడినవారు మైదానం వీడాలి. తొలి జట్టులో ఉన్నవారైతే కోలుకున్నాక సాధారణంగా ఒకసారి తిరిగి రావచ్చు, అదీ బ్యాటింగ్ వరుసలో తమ పాత స్థానంలోనే.

బంతి ఆటలో ఉండగా రన్నర్ పడిపోతే అంపైర్ మామూలుగా ఆ ప్లే ముగిసేదాకా ఆగి, ‘టైమ్’ ప్రకటిస్తారు. గాయం తీవ్రమైతే వెంటనే ఆపే అధికారాన్ని చాలా నిబంధనావళులు ఇస్తున్నాయి.

హోమ్ రన్ సంగతి వేరు. కంచె దాటిన బంతికి నాలుగు బేస్‌లూ దక్కినట్టే, కానీ వరుసగా తాకాలి. 2008 ఏప్రిల్‌లో అమెరికాలోని వెస్టర్న్ ఆరెగాన్ విశ్వవిద్యాలయ క్రీడాకారిణి సారా టుకోల్‌స్కీ హోమ్ రన్ కొట్టి, మొదటి బేస్ దగ్గర మోకాలు దెబ్బతిని కూలిపోయింది. పించ్ రన్నర్ వస్తే అది సింగిల్‌గానే (ఒక బేస్ హిట్‌గానే) లెక్క అన్నారు అంపైర్లు. సొంత జట్టువారు సాయం చేస్తే ఔట్. అప్పుడు ప్రత్యర్థి సెంట్రల్ వాషింగ్టన్ క్రీడాకారిణులు మాలరీ హోల్ట్‌మన్, లిజ్ వాలెస్ ఆమెను ఎత్తుకుని, ప్రతి బేస్‌కూ ఆమె ఎడమ పాదం తాకించారు. ఆ మ్యాచ్‌లో వాళ్లు 2-4తో ఓడిపోయారు.

నిజానికి అప్పటి కాలేజీ నిబంధన ప్రకారం సబ్‌స్టిట్యూట్ మిగతా బేస్‌లు తాకి హోమ్ రన్ పూర్తి చేసే వీలుండేది. అందుకే అంపైర్‌కు ఇలాంటి అరుదైన నిబంధనలు కూడా కంఠతా ఉండాలి.