ఆంగ్ల వాక్యములో విశేషణము, క్రియ

ఆంగ్ల భాషలో విశేషణము వాక్యములో ముఖ్యముగా రెండు స్థానాలలో కనిపిస్తుంది. నామవాచకమునకు ముందు వచ్చి దాని గుణమును తెలపడం ఒక పద్ధతి. క్రియ తరువాత వచ్చి కర్తను గురించి చెప్పడం రెండవ పద్ధతి. "ఎ రెడ్ కార్" అన్నప్పుడు రెడ్ అనే విశేషణము మొదటి స్థానములో ఉన్నది. "ద కార్ ఈజ్ రెడ్" అన్నప్పుడు అదే పదము రెండవ స్థానములో ఉన్నది. ఈ రెండవ రకపు విశేషణమును విధేయ విశేషణము అంటారు. దానిని కర్తతో కలిపే క్రియను ఆంగ్ల వ్యాకరణములో లింకింగ్ వెర్బ్ అంటారు. తెలుగులో సంధాన క్రియ అని చెప్పుకోవచ్చు.

తెలుగుతో పోలిక

"రాము మంచివాడు" అనే తెలుగు వాక్యములో క్రియ లేదు. ఆంగ్లములో "రాము గుడ్" అంటే వాక్యము పూర్తి కాదు, "రాము ఈజ్ గుడ్" అనవలసినదే. మరొక తేడా కూడా ఉన్నది. తెలుగులో మంచి అనే విశేషణము వాక్యము చివర చేరినప్పుడు లింగ వచనములను బట్టి మంచివాడు, మంచిది, మంచివారు అని మారుతుంది. ఆంగ్ల విశేషణము ఎక్కడా మారదు. కర్తను, కాలమును బట్టి మారేది ఆమ్, ఈజ్, ఆర్, వాజ్, వర్ అనే క్రియారూపములే.

తెలుగువారికి ఎక్కువ చిక్కు తెచ్చేది "గా" ప్రత్యయము. ఈ మూడు వాక్యాలను గమనించండి.

* అతడు కోపంగా ఉన్నాడు - హి ఈజ్ యాంగ్రీ.
* అతడు కోపంగా కనిపించాడు - హి లుక్డ్ యాంగ్రీ.
* అతడు కోపంగా చూశాడు - హి లుక్డ్ యాంగ్రిలీ.

తెలుగులో మూడు చోట్లా "కోపంగా" అనే ఒకే మాట సరిపోయింది. ఆంగ్లములో మొదటి రెండింటిలో విశేషణము, మూడవ దానిలో క్రియావిశేషణము వచ్చినవి. మొదటి రెండు వాక్యాలలో కోపము మనిషి స్థితిని తెలుపుతుంది, మూడవ వాక్యములో చూసిన తీరును తెలుపుతుంది. ఒక్క "లీ" తేడాతో అర్థము మారిపోవడానికి కారణము ఇదే.

సంధాన క్రియలలో రకాలు

* స్థితిని తెలిపేవి: బీ, సీమ్, అపియర్. ఉదాహరణ: "షి సీమ్స్ టైర్డ్" అంటే ఆమె అలసినట్లున్నది.
* ఇంద్రియములకు సంబంధించినవి: లుక్, సౌండ్, స్మెల్, టేస్ట్, ఫీల్. ఉదాహరణ: "ద సూప్ టేస్ట్స్ గుడ్".
* మార్పును తెలిపేవి: బికమ్, గెట్, గ్రో, టర్న్, గో, కమ్, ఫాల్.
* స్థితి కొనసాగడమును తెలిపేవి: స్టే, కీప్, రిమెయిన్. ఉదాహరణ: "ప్లీజ్ స్టే కామ్".

మార్పును తెలిపే క్రియలు అన్ని విశేషణములతోను కలవవు. గో అనే క్రియ ఎక్కువగా చెడువైపు మార్పుకు వస్తుంది: గో బ్యాడ్, గో మ్యాడ్, గో బ్లైండ్. టర్న్ రంగుల మార్పుకు తరచుగా వస్తుంది: టర్న్ రెడ్. కమ్ ట్రూ అంటే నిజమగుట, ఫాల్ ఇల్ అంటే జబ్బుపడుట, గ్రో ఓల్డ్ అంటే ముసలివారగుట. నిత్య వ్యవహారములో గెట్ అన్నిటికన్నా తేలికగా వినిపిస్తుంది: గెట్ వెట్, గెట్ యాంగ్రీ. బికమ్ కొంత గ్రాంథికముగా ఉంటుంది.

విశేషణమా, క్రియావిశేషణమా?

సంధాన క్రియలలో చాలా వాటికి మామూలు క్రియగా మరొక అర్థము కూడా ఉన్నది. అందువలన క్రియ పేరును బట్టి కాక, వాక్యములో దాని పనిని బట్టి నిర్ణయించాలి. దీనికి ఒక సులువైన పరీక్ష ఉన్నది. ఆ క్రియను తీసివేసి ఈజ్ లేక వాజ్ పెట్టి చూడాలి. వాక్యము నిలబడితే అక్కడ విశేషణము రావాలి.

"ద మిల్క్ టర్న్‌డ్ సౌర్" (పాలు పులిసినవి) అనే వాక్యములో టర్న్‌డ్ బదులు వాజ్ పెట్టినా వాక్యము నిలుస్తుంది. "ద డ్రైవర్ టర్న్‌డ్ క్విక్లీ" (డ్రైవరు త్వరగా మలుపు తిరిగాడు) అనే వాక్యములో వాజ్ పెడితే వాక్యము చెడుతుంది. కనుక ఇక్కడ క్రియావిశేషణమే సరి.

హార్డ్, ఫాస్ట్, లేట్ వంటి కొన్ని పదములు విశేషణముగాను, క్రియావిశేషణముగాను ఒకే రూపములో ఉంటాయి. వీటికి "లీ" చేర్చేటప్పుడు జాగ్రత్త అవసరము. "హి వర్క్స్ హార్డ్" అంటే అతడు కష్టపడి పనిచేస్తాడు. "హి హార్డ్లీ వర్క్స్" అంటే అతడు దాదాపు పనే చేయడు. ఉద్యోగిని గురించి వ్రాసే ఉత్తరములో ఈ రెండూ తారుమారైతే పొగడ్త నిందగా మారుతుంది.

కర్మ తరువాత వచ్చే విశేషణము

కొన్ని వాక్యాలలో విశేషణము కర్తను గురించి కాక కర్మను గురించి చెబుతుంది. "దే పెయింటెడ్ ద వాల్ వైట్" అంటే గోడకు రంగు వేసి తెల్లగా చేశారని అర్థము. మేక్, కీప్, ఫైండ్ అనే క్రియలతో ఇది సర్వసాధారణము. ఇక్కడ పదముల వరుసయే అర్థమును నిర్ణయిస్తుంది.

* "ఐ ఫౌండ్ ద ఈజీ బుక్" - సులభమైన పుస్తకము నాకు దొరికినది.
* "ఐ ఫౌండ్ ద బుక్ ఈజీ" - ఆ పుస్తకము నాకు సులభముగా తోచినది.

స్థానము విషయములో పరిమితులు

అన్ని విశేషణములూ రెండు స్థానాలలోను ఇమడవు. అస్లీప్, అలైవ్, అఫ్రెయిడ్ వంటివి క్రియ తరువాతనే వస్తాయి. "ద చైల్డ్ ఈజ్ అస్లీప్" అనవచ్చును గాని "యాన్ అస్లీప్ చైల్డ్" అనరు, "ఎ స్లీపింగ్ చైల్డ్" అంటారు. అస్లీప్, అలైవ్ అనే పదములలోని మొదటి అచ్చు పాత ఆంగ్లములోని ఆన్ అనే పదము అరిగిపోగా మిగిలినది. అంటే అస్లీప్ మొదట "నిద్రలో" అనే అర్థము గల పదబంధము. అది నామవాచకమునకు ముందు ఇమడకపోవడానికి ఈ పుట్టుక ఒక కారణము. దీనికి విరుద్ధముగా మెయిన్, ఫార్మర్, మియర్ అనేవి నామవాచకమునకు ముందే వస్తాయి.

క్రియ నుండి పుట్టిన విశేషణములు

క్రియకు "ఇంగ్", "ఎడ్" చేరి విశేషణములు ఏర్పడతాయి. ఇంగ్ రూపము ఒక భావమును కలిగించే దానిని, ఎడ్ రూపము ఆ భావమునకు లోనయిన వారిని తెలుపుతాయి. "ఐ యామ్ బోర్డ్" అంటే నాకు విసుగుగా ఉన్నది. "ఐ యామ్ బోరింగ్" అంటే నేను ఇతరులకు విసుగు పుట్టించేవాడిని. ఇంటర్వ్యూలో ఇంటరెస్టెడ్ అనవలసిన చోట ఇంటరెస్టింగ్ అంటే, ఆ ఉద్యోగముపై ఆసక్తి ఉన్నదని చెప్పబోయి తనను తాను పొగడుకున్నట్లవుతుంది.

విశేషణము తరువాత వచ్చే క్రియ

విశేషణము తరువాత టు చేరిన క్రియ కూడా వస్తుంది. పైకి ఒకేలా కనిపించే ఈ రెండు వాక్యాలను చూడండి.

* "ద టీచర్ ఈజ్ ఈజీ టు ప్లీజ్" - ఆ ఉపాధ్యాయుని మెప్పించడము సులభము.
* "ద టీచర్ ఈజ్ ఈగర్ టు ప్లీజ్" - ఇతరులను మెప్పించాలని ఆ ఉపాధ్యాయుడు ఉబలాటపడుతున్నాడు.

మొదటి దానిలో ఉపాధ్యాయుడు మెప్పు పొందేవాడు, రెండవ దానిలో మెప్పించేవాడు. ఇటువంటి జంటలను భాషాశాస్త్రవేత్త నోమ్ చామ్‌స్కీ 1960 దశకములో చర్చించి, వాక్యము పైరూపము మాత్రమే చూస్తే అర్థసంబంధము తెలియదని వాదించాడు.

అభ్యాసకులు గుర్తుంచుకోదగినవి

* తెలుగులో "నాకు" అని మొదలయ్యే అనుభవ వాక్యాలు ఆంగ్లములో తరచుగా ఐ యామ్ తో మొదలవుతాయి. నాకు ఆకలిగా ఉన్నది - "ఐ యామ్ హంగ్రీ". నాకు చలిగా ఉన్నది - "ఐ యామ్ కోల్డ్".
* గుడ్ విశేషణము, వెల్ సాధారణముగా క్రియావిశేషణము. అయితే ఆరోగ్యముగా అనే అర్థములో వెల్ కూడా విశేషణమే: "ఐ యామ్ వెల్".
* "హి ఈజ్ రూడ్" అంటే అతడి స్వభావము మొరటు. "హి ఈజ్ బీయింగ్ రూడ్" అంటే ప్రస్తుతము మొరటుగా ప్రవర్తిస్తున్నాడు.
* తెలుగులో "గా" కనిపించినంత మాత్రాన ఆంగ్లములో "లీ" చేర్చకూడదు. ఆ మాట కర్త స్థితిని తెలుపుతున్నదా, పని జరిగిన తీరును తెలుపుతున్నదా అని ముందుగా చూసుకోవాలి.