నమూనా విమానంపై జారుడు ముద్రలు

ఆకాశంలో ఎగిరే విమానం మిత్రపక్షానిదా, శత్రుపక్షానిదా అని క్షణాలలో తేల్చుకోవలసిన అవసరం మొదటి ప్రపంచ యుద్ధంలో ఏర్పడింది. బ్రిటిష్ విమానాలు తొలుత తమ జాతీయ పతాకాన్నే రెక్కల కింద చిత్రించుకొన్నాయి. దూరం నుంచి చూసేవారికి అందులోని శిలువ గీతలు జర్మన్ విమానాలపై ఉండే శిలువవలె కనిపించేవి. ఫలితంగా సొంత సైనికులే తమ విమానాలపై కాల్పులు జరిపారు. అందువల్ల 1914 చివరలో వారు ఫ్రెంచివారి వలయ చిహ్నాన్ని గ్రహించి, రంగుల క్రమాన్ని తారుమారు చేసుకొని ఎరుపు, తెలుపు, నీలం వలయాలను స్వీకరించారు.

రెండో ప్రపంచ యుద్ధంలో అదే చిక్కు మరో రూపంలో ఎదురైంది. జపాన్ విమానాలపై ఎర్రని సూర్యబింబం ఉండేది. పెర్ల్ హార్బర్‌పై దాడి జరిగిన కొద్ది నెలలకే, 1942 మే నెలలో, అమెరికా తన నక్షత్ర చిహ్నం నడుమనున్న ఎర్రని చుక్కను తొలగించింది. ఆసియా రంగంలో పోరాడిన బ్రిటిష్, భారతీయ విమానాలు కూడా ఎరుపును విడిచి నీలి వలయాలను ధరించాయి. స్వాతంత్ర్యానంతరం కొంతకాలం అశోకచక్రం, 1950 నుంచి వెలుపల కాషాయం, మధ్య తెలుపు, నడుమ ఆకుపచ్చ గల వలయాలు భారత వాయుసేన చిహ్నమయ్యాయి.

కనుక నమూనా విమానాన్ని తయారుచేసేవారికి చిహ్నం కేవలం అలంకారం కాదు. అదే స్పిట్‌ఫైర్ ఆకృతి. మధ్యలో ఎర్రని చుక్క ఉంటే అది ఐరోపా రంగంలోని విమానం, నీలి వలయాలు మాత్రమే ఉంటే బర్మా రంగంలోనిది. ఒక్క చుక్క చరిత్రను మార్చివేస్తుంది.

ఇంత సూక్ష్మమైన చిహ్నాలను కుంచెతో చిత్రించడం కష్టం. అందుకు సాధనంగా వచ్చినదే నీటితో జారే ముద్ర. దీనినే డెకాల్ అంటారు. ఒకచోట ముద్రించిన బొమ్మను మరొకచోటికి బదిలీ చేయాలన్న ఆలోచన పాతదే. 1756లో లివర్‌పూల్ నగరానికి చెందిన జాన్ సాడ్లర్, గై గ్రీన్ అనేవారు ఆరు గంటలలో 1,200కు పైగా మట్టి పలకలపై బొమ్మలు ముద్రించి చూపారు. చేతితో గీసే చిత్రకారులకు అది ఊహకందని వేగం. నేటికీ పింగాణీ కప్పులపై కనిపించే పువ్వులలో అనేకం ఇటువంటి బదిలీ ముద్రలే.

డెకాల్ నిర్మాణం సరళమైనది. అడుగున నీటిని పీల్చే కాగితం, దానిపై నీటిలో కరిగే జిగురు, ఆ జిగురుపై అతి పలుచని పారదర్శకమైన పొర, ఆ పొరపై రంగుల ముద్రణ ఉంటాయి. కాగితాన్ని నీటిలో ముంచగానే జిగురు కరుగుతుంది. కాగితంపై పట్టు కోల్పోయిన పొర బొమ్మతోసహా జారివస్తుంది. దానిని విమానంపైకి జరిపి, నీటిని అద్ది తీసివేస్తే పొర అక్కడే అంటుకొంటుంది. పొర కంటికి కనబడకుండా పోయి, ముద్ర మాత్రమే మిగలాలి. రంగు పూసినట్లే ఉండాలి.

గట్టి ప్లాస్టిక్ నమూనాలపై ఇది సులభసాధ్యమే. రేడియో సంకేతాలతో ఎగిరే నేటి నమూనాలు ఎక్కువగా ఫోమ్‌తో తయారవుతున్నాయి. చిక్కు ఇక్కడే మొదలవుతుంది. వినాయకచవితి మండపాల అలంకరణలో చూసే థర్మోకోల్ కూడా ఫోమ్ జాతిదే. దాని పరిమాణంలో 95 శాతానికి పైగా గాలే. చిన్న చిన్న పూసలు ఉబ్బి, ఒకదానికొకటి అతుక్కొని ఏర్పడినందువల్ల పూసకూ పూసకూ నడుమ గుంటలు మిగులుతాయి. పలుచని పొర ఆ గుంటలపై వంతెనవలె నిలిచిపోతుంది. దాని కింద గాలి చిక్కుకొంటుంది. ఆ గాలి పొరలు కాంతిని చెదరగొట్టడం వల్ల పారదర్శకంగా ఉండవలసిన భాగం వెండి పూతవలె తెల్లగా మెరుస్తుంది. గరుకు గాజుపై నీరు పోసినప్పుడు అది స్వచ్ఛంగా కనిపించడానికి, ఆరగానే మళ్లీ మసకబారడానికి కారణమైన కాంతి ధర్మమే ఇక్కడా పనిచేస్తున్నది.

దీనికి పరిహారం డెకాల్‌లో లేదు. దాని అడుగునున్న తలంలో ఉన్నది. మొదట గుంటలను తేలికైన పూరక పదార్థంతో నింపి, ఆరిన తరువాత 400 నంబరు ఉప్పు కాగితంతో మెల్లగా రుద్దాలి. గట్టిగా రుద్దితే పూసలు ఊడివస్తాయి. పిదప నీటిలో కలిసే పారదర్శక వార్నిష్‌ను రెండు మూడు పలుచని పూతలుగా వేయాలి. తలం గాజువలె మెరిసేంతవరకు డెకాల్ జోలికి పోరాదు. ఒక్క సాయంత్రంలో ముగించాలని తొందరపడేవారి నమూనాలు ఈ దశలోనే చెడిపోతాయి.

వార్నిష్ నీటిలో కలిసేదై ఉండాలన్న నియమాన్ని మీరరాదు. దుకాణాలలో దొరికే అనేక స్ప్రే రంగులలో ఎసిటోన్, టోలీన్ వంటి ద్రావకాలుంటాయి. అవి థర్మోకోల్‌ను తాకితే చక్కెరపై వేడినీరు పడ్డట్టే. రెక్క కళ్లముందే కరిగి గుంటపడుతుంది. ఈపీఓ అనే మిశ్రమ ఫోమ్ కొంత తట్టుకొంటుంది. అయినా ఏ ద్రవాన్నయినా ముందుగా పనికిరాని ముక్కపై పరీక్షించడం మంచిది. డెకాల్ పొరను మెత్తబరిచే ప్రత్యేక ద్రవాలకూ ఇదే వర్తిస్తుంది.

డెకాల్‌ను ఇంటిలోనే ముద్రించుకొనేవారు మరి రెండు విషయాలు గమనించాలి. ఇంక్‌జెట్ ముద్రణయంత్రం సిరా సాధారణంగా నీటిలో కరుగుతుంది. కాబట్టి ముద్రించిన కాగితంపై పారదర్శక లక్క పూత వేసి, అది పూర్తిగా ఆరిన తరువాతనే నీటిలో ముంచాలి. ఈ పూత కాగితానికే కాని ఫోమ్‌కు కాదు గనుక ఇక్కడ స్ప్రే వాడినా హాని లేదు. రెండోది తెలుపు రంగు. సాధారణ ముద్రణయంత్రంలో తెల్ల సిరా ఉండదు. కాగితం తెలుపునే అది తెలుపుగా చూపుతుంది. పారదర్శక పొరపై భారత వాయుసేన వలయాన్ని ముద్రించి బూడిదరంగు రెక్కపై అతికిస్తే, కాషాయానికీ ఆకుపచ్చకూ నడుమ తెలుపు ఉండదు, బూడిదే కనిపిస్తుంది. మిగిలిన రెండు రంగులూ కళ తప్పుతాయి. అందుచేత వలయం వచ్చేచోట ముందుగా తెల్లని రంగుతో వృత్తం వేయడమో, తెల్లని పొర గల డెకాల్ కాగితాన్ని వాడడమో అవసరం.

అతికించేటప్పుడు బొమ్మను అంచువరకు కత్తిరించి, పట్టకారుతో పట్టి, గోరువెచ్చని నీటిలో 20 నుంచి 30 సెకన్లు ఉంచాలి. బయటికి తీసి ఒక నిమిషం ఆగాలి. వేలితో కదిపి చూస్తే పొర దానంతటదే జరుగుతుంది. జరగకపోతే బలవంతం చేయరాదు. అతికించే చోటును కుంచెతో తడిపి, కాగితాన్ని దాని పక్కనే ఆనించి, పొరను నెమ్మదిగా జరపాలి. ఎత్తి పెట్టబోతే అది చుట్టుకుపోతుంది. తడి ఉన్నంతవరకు స్థానాన్ని సరిచూసుకొనే అవకాశం ఉంది. వినైల్ స్టిక్కర్‌కు ఈ సౌలభ్యం లేదు; పొరపాటున అంటుకొన్న స్టిక్కర్‌ను లాగితే దానివెంట పూసలూ లేచివస్తాయి.

స్థానం కుదిరాక తడిగుడ్డతో మధ్యనుంచి అంచులవైపు అద్దుతూ నీటిని, గాలిని వెలికి పంపాలి. ఎక్కడైనా బుడగ మిగిలితే సన్నని సూదితో గుచ్చి, ఒక చుక్క నీరు వదిలి మళ్లీ అద్దాలి. ముద్ర రెక్కకూ, కదిలే రెక్క అంచుకూ నడుమనున్న సందుపై పడితే, ఆరిన తరువాత ఆ గీత వెంట కొత్త బ్లేడుతో కోయాలి. లేనిచో మొదటి కదలికకే చిరుగుతుంది. త్వరగా ఆరాలని వేడిగాలి తగిలించడం ప్రమాదకరం. డెకాల్‌కన్న ముందు ఫోమ్ వంకరపోతుంది. ఒకరోజు ఆరనిచ్చి, చుట్టూ మిగిలిన జిగురు మరకలను తడిగుడ్డతో తుడిచి, పైన మరొక పలుచని నీటి వార్నిష్ పూయాలి. ఆ పూతలో మెరుపు తగ్గించే రకాన్ని వాడితే యుద్ధవిమానానికి సహజమైన మసక రంగు వస్తుంది.

ఎగిరే నమూనాకు బరువు కూడా లెక్కే. డెకాల్ బరువు అత్యల్పం. కాని దాని అడుగున, పైన వేసిన పూతలు కలిసి కొన్ని గ్రాములవుతాయి. తోక గరిమనాభికి దూరంగా ఉంటుంది. స్పిట్‌ఫైర్ ముక్కు పొట్టిది. కనుక తోకపై పెరిగిన ఒక గ్రాముకు ముందుభాగంలో రెండు మూడు గ్రాములు చేర్చవలసిరావచ్చు. తోకభాగంలో పూతలను వీలైనంత పలుచగా ఉంచి, అన్నీ ఆరిన పిదప తయారీదారు సూచించిన చోట రెక్కల కింద రెండు వేళ్లు ఆనించి విమానాన్ని తూచి చూడాలి. తోక కిందికి వాలితే బ్యాటరీని కొద్దిగా ముందుకు జరిపి, మరల తూచిన తరువాతనే మైదానానికి తీసుకుపోవాలి.