సెకండ్ హ్యాండ్ ఇంజిన్ కొంటున్నారా? డబ్బు తీసే ముందు గేజ్ తీయండి

ఈ రోజు ఎపిసోడ్ పెదపాడులో మా ఇంటి ముందే తీస్తున్నాం. నా వెనకాల తెల్ల డిజైర్ కనిపిస్తోంది కదా, అది మా బాబాయి గారి అబ్బాయిది. డీజిల్ బండి, ట్యాక్సీకి తిప్పుతాడు. దీనికి ఇప్పుడున్నది మూడో ఇంజిన్. మొదటిది కంపెనీ నుంచి వచ్చింది. రెండోది మేం మోసపోయి కొన్నది. మూడోది బుద్ధొచ్చాక కొన్నది. ఆ రెండోదానికీ మూడోదానికీ మధ్య ఏం నేర్చుకున్నామో, అదే ఇవాళ మాట్లాడుకుందాం.

ముందు జరిగింది చెప్తాను. 2024 చివర్లో తమ్ముడు ఆయిల్ లెవెల్ చూసుకోకుండా బండి తిప్పేశాడు. బేరింగులు పోయాయి, క్రాంక్ గీసుకుపోయింది. ఈ బండిలో ఉండేది 1248 సీసీ డీజిల్ ఇంజిన్. మారుతి వాళ్లు 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లు అమ్మడమే ఆపేశారు. రిపేరు ఖర్చు విని, పాత ఇంజిన్ తెచ్చి ఎక్కించేద్దాం అనుకున్నాం. హనుమాన్ జంక్షన్ మీదుగా విజయవాడ వెళ్లి, ఒక షాపులో ఇంజిన్ చూశాం. ఏ షాపో పేరు అనవసరం. ఇంజిన్ తళతళా మెరుస్తోంది, సిల్వర్ పెయింట్ వేశారు. నేల మీదే సెల్ఫ్ కొట్టి రెండు నిమిషాలు తిప్పి చూపించారు. సౌండ్ బాగుంది. డబ్బులిచ్చేసి తెచ్చేసుకున్నాం.

ఇరవై రోజులు తిరిగింది. ఏలూరు స్టేషన్ నుంచి పెళ్లి వాళ్లని తీసుకొస్తుంటే దారిలో ఢామ్మని శబ్దం. కనెక్టింగ్ రాడ్ విరిగి బ్లాకుకి బొక్క పెట్టింది. ఇంజిన్ డబ్బు, ఎక్కించిన కూలి, ఆయిలు, అన్నీ పోయాయి. పెళ్లిళ్ల సీజన్ పోయింది. ఈఎమ్ఐ మాత్రం ఎక్కడికీ పోలేదు.

మా మేస్త్రీ గారు ఇంజిన్ విప్పి చూపించారు. ఫ్లైవీల్ వెనకాల ఎండిపోయిన ఒండ్రుమట్టి. సెల్ఫ్ మోటారు లోపల తుప్పు. "ఇది నీళ్లలో మునిగిన ఇంజిన్ రా అబ్బాయ్" అన్నారు.

ఇక్కడ ఒక విషయం గుర్తు చేసుకోండి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ వైపంతా మునిగిపోయింది. ఆ బుడమేరు నీళ్లే చివరికి మన కొల్లేరుకి వస్తాయి. అప్పుడు వేల బండ్లు నీళ్లలో ఉన్నాయి. మేం కొన్న ఇంజిన్ ఏ నీళ్లలో మునిగిందో మాకు తెలీదు. కానీ వరదలొచ్చే ప్రాంతంలో పాత ఇంజిన్ కొనేవాడు మొట్టమొదట అడగాల్సిన ప్రశ్న "ఎన్ని కిలోమీటర్లు తిరిగింది" కాదు. "ఇది మునిగిందా" అని.

మునిగితే ఏమవుతుంది? డీజిల్ ఇంజిన్ గాలిని పదిహేను, పదిహేడు రెట్లు నొక్కుతుంది. గాలి నలుగుతుంది, నీళ్లు నలగవు. సిలిండర్లో నీళ్లుండగా ఇంజిన్ తిరిగితే పిస్టన్ పైకి వెళ్లలేదు, కింద రాడ్ వంగిపోతుంది. తర్వాత నీళ్లు తీసేసి స్టార్ట్ చేస్తే ఇంజిన్ తిరుగుతుంది కూడా. సౌండు మామూలుగానే ఉండొచ్చు. వంగిన రాడ్ మాత్రం ఒకరోజు విరుగుతుంది. అందుకే సౌండ్ విని ఇంజిన్ కొనకండి.

సరే, ఎలా చూడాలి? వరసగా చెప్తాను.

మొదటిది, కంటితో. పెయింట్ వేసిన చోట కాదు, పెయింట్ చేరని చోట చూడండి. ఫ్లైవీల్ వెనక, ఆల్టర్నేటర్ రెక్కల సందుల్లో, వైరింగ్ గొట్టం చీల్చి లోపల ఫోన్ టార్చ్ వేయండి. సన్నటి మట్టి కనిపిస్తే ఇంక మాట్లాడొద్దు, వెనక్కి వచ్చేయండి. డిప్‌స్టిక్ తీయండి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు కలిసినట్టే. మూత కింద మాత్రం కొంచెం తెల్ల నురగ ఉంటే కంగారు పడకండి, దగ్గర దగ్గర ట్రిప్పులు తిరిగిన బండికి చలికాలం అలా రావచ్చు. డిప్‌స్టిక్ మీద కూడా ఉంటేనే అనుమానించండి.

రెండోది, ఆయిల్ ఫిల్టర్. దాన్ని విప్పి కోయించండి. లోపలి కాగితం మడతల్లో మెరుపు రజను ఉంటే బేరింగులు అరుగుతున్నట్టు. కొత్త ఫిల్టర్ మనమే కొనిస్తాం అంటే షాపాయన అభ్యంతరం చెప్పడు. చెప్పాడంటే అదీ ఒక సమాధానమే.

మూడోది, చేత్తో. క్రాంక్ పుల్లీని ముందుకీ వెనక్కీ లాగి చూడండి. టక్కుమని ఆడితే మంచిది కాదు. టర్బో ఉంటే దాని ఇరుసుని పట్టుకోండి. పక్కలకి కాస్త కదిలినా పర్లేదు, లోపలికీ బయటికీ అస్సలు ఆడకూడదు.

నాలుగోది, అసలైనది, కంప్రెషన్ గేజ్. డీజిల్ అయితే గ్లో ప్లగ్గులు, పెట్రోల్ అయితే స్పార్క్ ప్లగ్గులు అన్నీ విప్పాలి. ఇంధనం రాకుండా ఆపాలి. ఫుల్ చార్జింగ్ ఉన్న బ్యాటరీతో సెల్ఫ్ కొట్టి ఒక్కో సిలిండర్ రీడింగ్ రాసుకోవాలి. పెట్రోల్ ఇంజిన్ బాగుంటే సుమారు 150 నుంచి 180 పీఎస్ఐ, డీజిల్ అయితే సుమారు 350 నుంచి 450 వస్తుంది. ఇంజిన్ చల్లగా ఉంటే కాస్త తక్కువ చూపిస్తుంది. కాబట్టి అంకె కంటే తేడా ముఖ్యం. సిలిండర్ల మధ్య తేడా 10, 15 శాతం దాటకూడదు. మేం రెండోసారి వెళ్లినప్పుడు ఒక ఇంజిన్ 400, 395, 310, 400 చూపించింది. నాలుగు సిలిండర్లలో ఒకటి తేడా కొట్టింది. దండం పెట్టి వచ్చేశాం.

పెట్రోల్ ఇంజిన్లో తక్కువ వచ్చిన సిలిండర్లోకి ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొట్టండి. రీడింగ్ పెరిగితే రింగులో, బోరో అరిగింది. పెరగకపోతే వాల్వులో, హెడ్ గాస్కెట్టో. డీజిల్‌కి ఈ చెంచా పరీక్ష చేయకండి, అందులో పైన జాగా చాలా తక్కువ, ఆయిల్ పోస్తే లెక్క తప్పుతుంది.

ఐదోది, మా మేస్త్రీ గారి చిట్కా. ప్లగ్ రంధ్రంలోంచి సన్నటి పొడుగు కడ్డీ దించి, స్పానర్‌తో క్రాంక్ మెల్లగా తిప్పండి. పిస్టన్ పూర్తిగా పైకొచ్చినప్పుడు కడ్డీ మీద గుర్తు పెట్టండి. అన్ని సిలిండర్లకీ అదే కడ్డీ. గుర్తులన్నీ ఒకచోటే రావాలి. ఒకదాంట్లో పిస్టన్ కొంచెం కిందే ఆగిపోతే ఆ రాడ్ వంగినట్టే. సెల్ఫ్‌తో మాత్రం తిప్పకండి, కడ్డీ ఇరుక్కుంటుంది.

నడిపి చూపిస్తామంటే ఇంకా మంచిది. పూర్తిగా వేడెక్కేదాకా, కనీసం పావుగంట నడవనివ్వండి. ఆయిల్ మూత తీసి చూడండి. పొగ బుసబుసా కొడుతుంటే బ్యాక్ కంప్రెషన్ ఉన్నట్టు.

ఇంకో జాగ్రత్త. 1248 సీసీ అనగానే అన్నీ ఒకటే అనుకోకండి. స్విఫ్ట్, డిజైర్‌లో వచ్చింది ఎక్కువగా 75 హార్స్‌పవర్‌ది. సియాజ్, ఎర్టిగాలో 90ది, దాని టర్బో వేరు. మీ బండి మోడలు, సంవత్సరం, ఈసీయూ నంబరు రాసుకుని వెళ్లి సరిపోల్చుకోండి.

చివరిగా కాగితాలు. ఇంజిన్ మీద చెక్కిన నంబరు ఫొటో తీసుకోండి. గీకేసినట్టుంటే అస్సలు ముట్టుకోవద్దు, దొంగ బండిది కావచ్చు. బిల్లు మీద ఆ నంబరు, వారంటీ ఎన్ని రోజులో రాయించండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంజిన్ మార్చాక 14 రోజుల్లో ఆర్టీఓ ఆఫీసుకి తెలియజేసి ఆర్సీలో ఎక్కించుకోవాలి. ఇన్సూరెన్స్ వాళ్లకీ చెప్పండి. లేకపోతే రేపు యాక్సిడెంట్ క్లెయిమ్‌లో నంబర్లు కలవక మీరే ఇరుక్కుంటారు.

ఇక ఈ మూడో ఇంజిన్. దీనికి పెయింట్ లేదు, పైనంతా ఆయిల్ మరకలు. చూడ్డానికి అసలు బాగోలేదు. గేజ్ మాత్రం 390, 400, 385, 395 చూపించింది. కడ్డీ గుర్తులు నాలుగూ ఒకేచోట. బేరం ఆడకుండా తెచ్చుకున్నాం. ఎక్కించే ముందే క్లచ్ ప్లేటు, వెనక ఆయిల్ సీలు, టైమింగ్ చైన్ మార్చేశాం, ఎందుకంటే ఇంజిన్ కింద ఉన్నప్పుడు ఆ పని సులువు.

తమ్ముడు ఇప్పుడు వారానికోసారి డిప్‌స్టిక్ తీసి చూస్తున్నాడు. మొదట్లోనే ఆ పని చేసుంటే ఈ ఎపిసోడే ఉండేది కాదు. గేజ్ ఎంతో ఖరీదు కాదు, నలుగురు ఫ్రెండ్స్ కలిస్తే ఒకటి కొనుక్కోవచ్చు. లేదా మీ మేస్త్రీ గారికి ఒకరోజు కూలి ఇచ్చి వెంట తీసుకెళ్లండి. మేం మొదటిసారి ఆ కూలి మిగిల్చుకుందాం అనుకునే ఇంజిన్ మొత్తం పోగొట్టుకున్నాం. మీరలా చేయకండి.

ఉంటానండి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.