మన బరువు మనకు తెలియునా?

రైల్వే స్టేషను ప్లాట్‌ఫారము మీద రంగుదీపములతో మెరయుచుండిన తూకపు యంత్రమును మన శ్రోతలలో పెద్దలైనవారు మరచియుండరు. నాణెము వేసినచో అట్టముక్క యొకటి వెలువడెడిది. దానిపై బరువు, దానితోపాటు జోస్యము. మొదట చదువబడునది తరచుగా జోస్యమే. బరువును గూర్చి ఎవరికిని పెద్ద సందేహము లేకుండెను. తాము లావో సన్నమో తమకు తెలియునని ప్రతివారికిని నమ్మకము. ఆ నమ్మకము ఎంతవరకు నిలుచునో, నిలువనిచోట దాని ఫలమెట్టిదో ఇచట కొంత విచారింతుము.

మన దేహమును గూర్చి మనకు గల అభిప్రాయము తూకమువలన ఏర్పడునది కాదు. ఎక్కువపాళ్లు అది ఇతరుల మాటలవలనను, పక్కవారితో పోల్చుకొనుటవలనను ఏర్పడును. సంక్రాంతికి ఇంటికి వచ్చిన కుమారుని చూచి తల్లి "చిక్కిపోయావు నాయనా" అనును. ఆ సాయంకాలమే వీధిలో ఎదురుపడిన బాల్యమిత్రుడు "ఏంరా, ఒళ్ళు చేశావే" అనును. ఇరువురును చూచినది ఒకే దేహమును! కరవు కాటకములు జ్ఞాపకమున నున్న తరములకు ఒంటిపై కండ కలిమికి గుర్తు, చిక్కుట జబ్బునకు గుర్తు. ఆ చూపు నేటికిని పూర్తిగా పోలేదు.

చుట్టునున్నవారందరును కొంచెము కొంచెముగా లావగుచున్నచో, కన్ను ఆ లావునే సహజమని ఎంచును. బ్రిటనులో 1999లోను, 2007లోను జరిగిన రెండు సర్వేలను పోల్చి చూచినప్పుడు ఈ సంగతి తేటపడినది. ఆ నడుమ అచటి ప్రజల బరువు పెరిగినది. అయినను, అధికభారము కలవారిలో తాము అట్టివారమని గుర్తించినవారు 81 శాతమునుండి 75 శాతమునకు తగ్గిరి.

కంటిని నమ్మరాదన్నచో లెక్కను ఆశ్రయింపవలెను. కిలోలలోని బరువును, మీటర్లలోని ఎత్తు యొక్క వర్గముచేత భాగించు పద్ధతిని బెల్జియము దేశపు గణితవేత్త అడాల్ఫ్ కెట్లే పందొమ్మిదవ శతాబ్దమున సూచించెను. 1972లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఏన్సెల్ కీస్ దానికి బాడీ మాస్ ఇండెక్స్ అని పేరిడెను. 160 సెంటీమీటర్ల ఎత్తు, 64 కిలోల బరువు గలవారికి ఇది సరిగా 25. ప్రపంచ ఆరోగ్య సంస్థ అధికభారమునకు పెట్టిన హద్దు ఇదియే. కాని ఆసియావాసుల విషయమున 23నుండియే జాగ్రత్త అవసరమని 2004లో ఆ సంస్థ పిలిచిన నిపుణులు తెలిపిరి. అదే ఎత్తునకు ఇది సుమారు 59 కిలోలు. ఈ అయిదు కిలోల వ్యత్యాసము ఎందులకు?

ఆ 2004లోనే లాన్సెట్ అను వైద్య పత్రికలో వింతయైన ఛాయాచిత్రమొకటి వెలువడినది. పూనా నగరమునకు చెందిన డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండనుకు చెందిన డాక్టరు జాన్ యుడ్కిన్ అందు పక్కపక్కన నిలిచిరి. ఇరువురి ఇండెక్సును 22.3. అద్దములో చూచుకొన్నచో ఇద్దరును సన్ననివారే. ఎక్స్‌రే యంత్రముచేత కొలిచి చూడగా యుడ్కిన్ దేహములో కొవ్వు 9.1 శాతము, యాజ్ఞిక్ దేహములో 21.2 శాతము! తూకమునకు కండయు కొవ్వును ఒక్కటియే, దేహమునకు కావు. కడుపులోని అవయవముల చుట్టు చేరిన కొవ్వు ఇన్సులిను పనిని మందగింపజేయును. మధుమేహమునకు దారితీయు మార్గములలో నిది యొకటి. పూనా పరిసర గ్రామములలోని శిశువులను ఇంగ్లండులోని సౌథాంప్టన్ శిశువులతో పోల్చి 2003లో ప్రకటించిన పరిశోధన మరింత ఆలోచింపజేయును. మన శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, అచటివారిది 3.5 కిలోలు. మన శిశువులలో తక్కువపడినది ముఖ్యముగా కండ. కొవ్వు అంతగా తగ్గలేదు. ఈ పోకడ పుట్టుకతోనే వచ్చుచున్నదన్నమాట.

కాబట్టి "నేను సన్నగా ఉన్నాను, నాకు షుగరు ఎందుకు వచ్చును?" అను ధీమా మనదేశమున ప్రమాదకరము. లావుగా నున్నవాడు భయపడియైనను వైద్యుని యొద్దకు పోవును, సన్ననివాడు పోడు. అట్టివారికి తూకముకంటె కొలతనాడా మేలు. పురుషులకు నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటరాదని దక్షిణాసియావాసులకు పెట్టిన హద్దు. ఇందొక చిక్కు కలదు. పెండ్లినాటి పంట్లాము కొలతయే నేటికినని గర్వించు మగవారు పలువురు కలరు. కొలత మారకపోవచ్చును గాని పంట్లాము బొజ్జ క్రిందికి జారినది! నాడాను చుట్టవలసినది అచట కాదు. చివరి ప్రక్కటెముకకును తుంటి ఎముక పైయంచునకును నడుమ, ఊపిరి మెల్లగా విడిచిన పిమ్మట.

ఇక, తాము లావని ఎరిగినవారందరును ఆ ఎరుకవలన బాగుపడుచున్నారా? అదియు సందేహమే. అమెరికా, బ్రిటనులలో 14,000 మందికి పైగా వయోజనుల వివరములను ఏండ్ల తరబడి పరిశీలించి 2015లో ప్రకటించిన ఫలితములు ఆశ్చర్యకరములు. తాము లావని భావించినవారే తరువాత మరింత బరువు పెరిగిరి. ఆ భావన నిజమైనను కాకున్నను పోకడ అదియే! దిగులు కలిగినప్పుడు మితిమీరి తినుట దీనికొక కారణమని పరిశోధకుల ఊహ. కారణమంతయు ఇంతేయని మేము చెప్పజాలము గాని, ఎగతాళి మందు కాదనుట మాత్రము స్పష్టము. పదునాలుగేండ్ల పిల్లను "గున్న ఏనుగు" అని పిలుచుచు నవ్వుకొను ఇండ్లు మన శ్రోతలలో లేకపోలేదు. ఆ పిల్ల ఉదయపు పలహారము మానును. సాయంకాలము చాటుగా మిక్చరు పొట్లము విప్పును.

2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము, 15నుండి 49 ఏండ్ల లోపు స్త్రీలలో ఆంధ్రప్రదేశమున 36.3 శాతము, తెలంగాణమున 30.1 శాతము అధికభారము కలవారు. ఆంధ్రప్రదేశముననే 14.8 శాతము, తెలంగాణమున 18.8 శాతము ఉండవలసినదానికంటె తక్కువ బరువువారు. కావున అందరికిని "తగ్గుడు" అని ఒకే ఉపదేశము చేయుట తగదు.

ముప్పది ఏండ్లు దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో రక్తపోటునకు, మధుమేహమునకు పరీక్షలు చేయుదురు. సన్నగా నున్నాను, నాకెందుకని ఇంట కూర్చుండువారు కూడ ఒకమారు పోయి చేయించుకొనవలెనని మా కోరిక. నడుము కొలుచుకొనుటకు మాత్రము అంతదూరము పోనక్కరలేదు. ఇంటనున్న కుట్టుపెట్టెలోని నాడా చాలును.