రెండు పద్దుల్లో 180

అమెరికాలో చదువుకునే రోజుల్లో గ్యాస్ స్టేషన్‌లోనో, ఇండియన్ రెస్టారెంట్‌లోనో క్యాష్‌కి పనిచేసి తిరిగొచ్చినవాళ్లు మనకు కొత్త కాదు. ఎఫ్-1 విద్యార్థికి క్లాసులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలే అనుమతి. ఆ గీత దాటినాయనకు ఏళ్ల తర్వాత అన్న వేసిన పిటిషన్ మీద ముంబై కాన్సులేట్ నుంచి ఇంటర్వ్యూ పిలుపొస్తే, సంతోషం కంటే ముందు బెంగ పట్టుకుంటుంది.

వీసా నిరాకరించడానికి చట్టంలో కారణాలు బోలెడు. వాటిలో ‘అనుమతి లేకుండా పనిచేయడం’ అని విడిగా ఒక కారణం లేదు. అక్కడే ఉండి గ్రీన్ కార్డుకి మారేవాళ్లకే అది అడ్డు. అమెరికా పౌరుల భార్యాభర్తలకు, తల్లిదండ్రులకు, 21 ఏళ్లలోపు పెళ్లికాని పిల్లలకు ఆ అడ్డూ లేదు. ఉద్యోగం కోటాలో అలా మారేవాళ్లకు 180 రోజుల వరకు మాఫీ ఉంది.

తికమకంతా ఈ 180తోనే. ఇంటర్వ్యూలో చూసే 180 వేరే పద్దు: పనిచేసిన రోజులు కావు, గడువు దాటాక ఉండిపోయిన రోజులు. 180 దాటి ఏడాదిలోపు ఉండి తనంతట తానే వెళ్లిపోతే 3 ఏళ్ల నిషేధం, ఏడాదీ ఆపైన అయితే 10 ఏళ్లు. లెక్క 1997 ఏప్రిల్ 1 నుంచి. 18 ఏళ్లు నిండకముందు రోజులు కలపరు. ఐ-94 (దిగినప్పుడిచ్చే ఎంట్రీ రికార్డు) మీద డిసెంబర్ 31 దాకా గడువున్న హెచ్-4 (డిపెండెంట్ వీసా) ఇల్లాలు మార్చిలో అనుమతి లేకుండా బొటిక్‌లో పనిచేసి, అక్టోబర్‌లో వచ్చేసిందనుకోండి. స్టేటస్ చెడింది, నిజమే. అప్పటికి అధికారికంగా ఎవరూ తేల్చకపోతే, ఈ పద్దులో ఆమె రోజులు సున్నా. ఐ-94 మీద తేదీ బదులు ‘డి/ఎస్’ (స్టేటస్ ఉన్నంతకాలం) అని ఉన్న విద్యార్థికీ ఇంతే.

విజిటర్ వీసా మీద దిగిన 90 రోజుల్లోపే పనిలో చేరినవాళ్ల సంగతి వేరు. వీసా అడిగేటప్పుడే అబద్ధమాడారని అధికారి అనుకునే వీలుంది. కాదని చూపే బాధ్యత మనదే.

అసలు ప్రమాదం నోటితో వస్తుంది. చేసిన పనిని చేయలేదని చెప్పి, ఆ అబద్ధం వీసా నిర్ణయానికి కీలకమని తేలితే నిషేధం జీవితాంతం. మినహాయింపు అడగాలంటే పౌరులో గ్రీన్ కార్డుదారులో అయిన జీవిత భాగస్వామి గానీ, తల్లి గానీ, తండ్రి గానీ ఉండాలి. అన్న లెక్కలోకి రాడు! తోబుట్టువుల కోటాకి ప్రపంచమంతటికీ కలిపి ఏడాదికి 65,000 వీసాలు. మనవాళ్ల వరుస 18 ఏళ్లు దాటింది. అంతకాలం ఆగి ఒక్క మాటతో పోగొట్టుకోవడం నా దృష్టిలో శుద్ధ తెలివితక్కువ.

అంతకంటే గడ్డుది ఐ-9 ఫారం. ఉద్యోగంలో చేరేటప్పుడు అందులో ‘అమెరికా పౌరుణ్ని’ అనే గడిలో టిక్కు పెట్టి ఉంటే, 1996 సెప్టెంబర్ 30 నుంచి పెట్టిన టిక్కులకు ఇమిగ్రెంట్ వీసాలో మినహాయింపు లేదు. క్యాష్‌కి పనిచేసినాయన బహుశా ఆ ఫారం చూసి కూడా ఉండడు. చెక్కు మీద జీతం తీసుకున్నాయనే ఆ రోజు ఏ గడిలో టిక్కు పెట్టాడో గుర్తు చేసుకోవాలి.